“ఫోను పిచ్చి” ఎవరిది? – యంత్రాలు, నరాలు, స్త్రీలు

(స్త్రీల ఆరోగ్య కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను డాక్టర్ని కాను. స్త్రీల సలహా కేంద్రంలో కూర్చుని, వచ్చినవాళ్ళు చెప్పేది వినడం నా పని. అందుకని విన్న సంగతితోనే మొదలుపెడతాను.

ఉత్తర తెలంగాణలో ఇంటింటా బీడీలు చుట్టే ఒక ఊరినుంచి ఒకామె మా కేంద్రానికి వచ్చింది. వచ్చింది అనకూడదు, తీసుకొచ్చారు. చంకలో ఏడు నెలల పాప. వెంట అత్త, భర్త. “దీనికి ఫోను పిచ్చి పట్టిందమ్మా. రాత్రి నిద్రపోదు. ఒక్కతే కూసోని ఏడుస్తది. పిల్లను పట్టించుకోదు. ఫోను గుంజుకున్నంక ఇంకింత ఎక్కువైంది” అంది అత్త. భర్త జేబులోంచి చీటీ తీసి చూపించాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ రాసిచ్చిన చీటీ. దానిమీద “నరాల వీక్‌నెస్” అనీ, పది బి-కాంప్లెక్స్ ఇంజక్షన్లనీ రాసి ఉంది.

వాళ్ళిద్దర్నీ బయట కూర్చోబెట్టి ఆమెను అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “ఫోన్ల ఏమున్నదక్కా, మా అమ్మ ఉన్నది. రాత్రి పదకొండింటికి పని ఒడిసినంక మా అమ్మతోని మాట్లాడుతుంటి. నాకున్నది గదొక్కటే. గది గూడ గుంజుకున్నరు.”

“ఫోను పిచ్చి” అనే జబ్బు ఏ వైద్య గ్రంథంలోనూ లేదు. అది ఆ ఇంట్లో పుట్టిన పేరు. అయినా జబ్బుకు ఉండవలసినవన్నీ దానికి ఉన్నాయి చూడండి. లక్షణాలున్నాయి: నిద్ర లేకపోవడం, ఏడుపు, పిల్లమీద మనసు లేకపోవడం. కారణం ఉంది: ఫోను. చికిత్స కూడా ఉంది: ఫోను లాక్కోవడం. లేనిదొకటే. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

ఇది మన ఊళ్ళలో కొత్తగా పుట్టుకొచ్చిన వింత కాదు. కొత్త యంత్రం ఇంట్లోకి వచ్చినప్పుడల్లా స్త్రీల మనసు చెడిపోతోందని గోల పెట్టడం, దానికొక జబ్బు పేరు తగిలించడం, ఆ పేరుతో స్త్రీ చేతిలో ఉన్నదాన్ని తీసేసుకోవడం – దీనికి నూట నలభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. చదువుకున్న పెద్ద డాక్టర్లు రాసిన చరిత్ర అది. ఇవాళ మీకు ఆ కథ చెప్పాలనుకుంటున్నాను.

ముందు ఒక మాట అర్థం చేసుకుందాం. మానసిక వైద్యంలో “సంస్కృతికి కట్టుబడిన జబ్బులు” అని ఒక వర్గం ఉంది. ఒక ప్రాంతంలో, ఒక జనంలో మాత్రమే కనిపించే మానసిక బాధలకు ఆ పేరు పెట్టారు. 1960లలో హాంకాంగ్‌లో పనిచేసిన డాక్టర్ యాప్ ఈ భావాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 1994లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల పుస్తకం నాలుగో కూర్పులో ఇలాంటివి 25 పేర్లు అనుబంధంగా ఇచ్చింది. అందులో మలయా వాళ్ళ జబ్బులున్నాయి, చైనా వాళ్ళవున్నాయి, మన దేశపు పురుషుల “ధాతు” భయం ఉంది. అమెరికాలోని ఆదివాసులవీ, దక్షిణాది నల్లవారివీ ఉన్నాయి. తెల్ల మధ్యతరగతి అమెరికన్ల జబ్బులకు మాత్రం ఆ జాబితాలో దాదాపు చోటే లేదు. మిగతా అందరికీ వచ్చేది సంస్కృతి జబ్బు, వాళ్ళకు వచ్చేది అసలు జబ్బు! జబ్బుల జాబితా తయారుచేసేవాళ్ళకు తమ సంస్కృతి కనపడదు, మన ఇళ్ళల్లో అత్తకు తన పెత్తనం కనపడనట్టే.

ఆ జాబితాలో చైనా జబ్బుగా రాసిన ఒక పేరు ఉంది: “షెన్‌జింగ్ షుయైరువో”. మన భాషలో చెప్పాలంటే నరాల బలహీనత. ఈ జబ్బు పుట్టింది చైనాలో కాదు, అమెరికాలో. అసలు కథ ఇక్కడే ఉంది.

జార్జ్ బియర్డ్ న్యూయార్కులో నరాల వైద్యుడు. 1869లో ఆయన “న్యూరస్తీనియా” అనే పేరును వైద్య పత్రికలో వివరించాడు. నరాల్లో శక్తి అయిపోవడం అని అర్థం. తలనొప్పి, నిద్రలేమి, నీరసం, దిగులు, అజీర్తి, భయాలు – అన్నీ అందులో చేర్చాడు. 1881లో “అమెరికన్ నెర్వస్‌నెస్” అని పుస్తకమే రాశాడు. పేరులోనే దేశం పేరు పెట్టుకున్నాడు చూడండి. ఈ జబ్బు అమెరికన్లదని ఆయన గర్వంగానే చెప్పాడు. నాగరికులకు, బుర్రతో పనిచేసేవాళ్ళకు వచ్చే జబ్బట అది. ఆదివాసులకూ నల్లవాళ్ళకూ రాదట. పత్తి చేలో, బట్టల మిల్లులో ఒళ్ళు హూనమైన స్త్రీకి నరాలు ఉన్నాయని ఆయన లెక్కలో లేదు.

ఈ జబ్బుకు కారణాలేమిటి? బియర్డ్ అయిదు చెప్పాడు. ఆవిరి శక్తి. వార్తాపత్రికలు. టెలిగ్రాఫ్. విజ్ఞాన శాస్త్రాలు. అయిదోది – స్త్రీలు బుర్రకు పనిపెట్టడం.

మళ్ళీ చెబుతాను. రైలింజను, పేపరు, తంతి, సైన్సు, ఆలోచించే ఆడది. ఈ అయిదూ లేవు కాబట్టే ప్రాచీన నాగరికతలకు ఈ జబ్బు రాలేదన్నాడు. జేబు గడియారాన్ని కూడా వదల్లేదు. నిమిషాల లెక్కన బతకడం మొదలయ్యాక నరాలు దెబ్బతిన్నాయన్నాడు. మనిషి నరాల శక్తిని ఎడిసన్ దీపాలతో పోల్చాడు. ఉన్న కరెంటు ఒకటే, దీపాలు పెరిగినకొద్దీ వెలుగు తగ్గుతుంది అని. ఆడవాళ్ళ విషయంలో ఈ లెక్క అంతకుముందే ఒకాయన వేసి ఉన్నాడు. హార్వర్డ్‌లో పనిచేసిన ఎడ్వర్డ్ క్లార్క్ అనే డాక్టరు 1873లో రాసిన పుస్తకంలో, ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే గర్భాశయానికి చేరవలసిన శక్తి మెదడుకు పోతుందని వాదించాడు.

ఇందులో ఒక నిజం ఉందని ఒప్పుకోవాలి. యంత్రాలు బతుకు వేగాన్ని పెంచాయి. మనుషులు అలసిపోయారు. ఆ బాధ అబద్ధం కాదు. అయితే యంత్రాన్ని ఎవరు నడుపుతున్నారు, ఎన్ని గంటలు నడిపిస్తున్నారు, లాభం ఎవరికి పోతోంది అని బియర్డ్ అడగలేదు. యంత్రం పక్కన స్త్రీ మెదడును నిలబెట్టి రెండూ ప్రమాదమేనన్నాడు.

ఇక చికిత్స సంగతి చూద్దాం. ఫిలడెల్ఫియాలో సైలస్ వైర్ మిచెల్ అనే పేరుమోసిన డాక్టరు ఉండేవాడు. ఆయన కనిపెట్టింది “విశ్రాంతి చికిత్స”. విశ్రాంతి అంటే మనకు నోరూరుతుంది. ఇంటెడు చాకిరీ చేసే ఆడదానికి ఎవరైనా విశ్రాంతి ఇస్తానంటే వద్దంటుందా? కానీ ఆ విశ్రాంతి ఎలాంటిదో వినండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు మంచం దిగకూడదు. చదవకూడదు, రాయకూడదు, కుట్టుపని చేయకూడదు. అయినవాళ్ళెవర్నీ చూడకూడదు. పాలు తాగించి లావెక్కిస్తారు. ఒళ్ళు మర్దన చేసి, కరెంటు పెడతారు. అదే మిచెల్ నరాల బలహీనతతో వచ్చిన మగవాళ్ళలో కొందరికి వేరే వైద్యం రాశాడు. 1885లో ఓవెన్ విస్టర్ అనే యువకుడు ఈయన సలహా మీద పడమటి వయోమింగ్ ప్రాంతానికి పోయాడు. గుర్రమెక్కాడు, వేటాడాడు, ఆ అనుభవాలతో నవలలు రాసి పేరు తెచ్చుకున్నాడు. పేరు ఒకటే, జబ్బు ఒకటే. మగవాడికి మైదానం, ఆడదానికి మంచం.

1887లో షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ మిచెల్ దగ్గరికి వచ్చింది. అప్పటికి ఆమెకు 26 ఏళ్ళు. రెండేళ్ళ కిందట కూతురు పుట్టింది. అప్పటినుంచి తగ్గని దిగులు, ఏడుపు. ఒక నెల మంచాన పెట్టాక మిచెల్ ఆమెను ఇంటికి పంపుతూ కొన్ని నియమాలు చెప్పాడు. ఎంత వీలైతే అంత ఇంటిపట్టునే ఉండాలి. బిడ్డను ఎప్పుడూ దగ్గరే పెట్టుకోవాలి. బుర్రకు పని రోజుకు రెండు గంటలు మించకూడదు. జీవితంలో ఇక కలం ముట్టకూడదు. ఆమె మూడు నెలలు అలాగే చేసింది. పూర్తిగా మతి చలించే అంచుకు చేరుకున్నానని తర్వాత తనే రాసింది. చివరికి ఆ నియమాలు విసిరిపారేసి, భర్తనుంచి విడిపోయి, కాలిఫోర్నియా వెళ్ళి కలం పట్టింది. 1892లో “ది యెల్లో వాల్‌పేపర్” కథ వచ్చింది. విశ్రాంతి పేరుతో ఒక గదిలో పెట్టిన స్త్రీ ఏమైందో చెప్పే కథ అది. దాని ప్రతిని మిచెల్‌కు పంపానని ఆమె చెప్పింది. 1898లో స్త్రీల ఆర్థిక పరాధీనత మీద పెద్ద పుస్తకం రాసింది. ఇక కలం ముట్టవద్దన్న మనిషి!

ఈ కథలో ఇంకో డాక్టరు ఉంది. ఆమె పేరు మనం గుర్తుంచుకోవాలి: మేరీ పుట్నమ్ జాకోబీ. క్లార్క్ పుస్తకానికి జవాబుగా, నెలసరి రోజుల్లో స్త్రీలకు విశ్రాంతి తప్పదా అన్న విషయం మీద ఆమె పరిశోధన చేసింది. ఎలా చేసింది? స్త్రీలకే ప్రశ్నలు పంపి అడిగింది. వాళ్ళ నాడిని పరికరంతో కొలిచి చూసింది. ఆ వ్యాసానికి 1876లో హార్వర్డ్ వాళ్ళ బహుమతే వచ్చింది. పాతికేళ్ళ తర్వాత గిల్మన్ మళ్ళీ నీరసించినప్పుడు వైద్యం చేసింది కూడా ఈమే. మంచాన పెట్టలేదు. కొంచెం కొంచెంగా బుర్రకు పని పెంచుతూ, చదివిస్తూ నయం చేసింది.

చదువుకున్న ఇళ్ళ స్త్రీల సంగతి ఇది. మరి పనిచేసే అమ్మాయిల మాటేమిటి? కెనడాలో టొరంటో నగరం, 1907. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చెవులకు తగిలించుకుని, తీగలు పీకుతూ గుచ్చుతూ పనిచేసేది యువతులు. కంపెనీ రోజుకు అయిదు గంటల పనిని ఎనిమిది చేసింది. జీతం ఆ లెక్కన పెంచలేదు. నాలుగు వందలమంది దాకా అమ్మాయిలు బయటికి నడిచారు. ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. అక్కడ అమ్మాయిలు తీగల్లోంచి షాకు కొట్టడం గురించీ, ఊపిరాడని పని ఒత్తిడి గురించీ చెప్పారు. డాక్టర్లు వచ్చి నరాల మీద పడే భారం గురించి చెప్పారు. అందులోనూ వీళ్ళు రేపు తల్లులు కావలసినవాళ్ళు అన్న బెంగే ఎక్కువ. అయినా తేడా గమనించండి. ఇక్కడ “నరాలు” అన్న మాట స్త్రీని మంచానికి కట్టెయ్యడానికి కాక, పని గంటలను ప్రశ్నించడానికి ఉపయోగపడింది. ఎందుకంటే మాట్లాడింది వాళ్ళు, గుంపుగా మాట్లాడారు.

ఆ తర్వాత ఈ జబ్బు ఓడలెక్కి జపానుకూ చైనాకూ పోయింది. పుట్టిన చోట పాతబడిపోయింది. 1980లో అమెరికా జబ్బుల పుస్తకంలోంచి తీసేశారు. సరిగ్గా అదే ఏడాది ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ డాక్టరు చైనాలోని హునాన్‌కు వెళ్ళాడు. నరాల బలహీనత అని రాసి ఉన్న వందమందిని కలిసి మాట్లాడాడు. అమెరికా లెక్కల ప్రకారం వాళ్ళలో 87 మందికి ఉన్నది తీవ్రమైన డిప్రెషన్. మందులిస్తే కొంత నయం కనిపించింది. కానీ ఇష్టంలేని చోట ఉద్యోగం, విడిపోయిన కుటుంబం, సాంస్కృతిక విప్లవంలో తగిలిన దెబ్బలు అలాగే ఉన్నవాళ్ళకు బాధ పోలేదు. ఆయన చూపించింది అదే. ఒంట్లో నొప్పిగా బయటపడేది చాలాసార్లు బతుకులోని నొప్పే. నోరు విప్పితే ప్రమాదమైన చోట తలనొప్పి మాట్లాడుతుంది. 2013లో వచ్చిన అయిదో కూర్పు 25 పేర్లను తొమ్మిదికి తగ్గించింది. “సంస్కృతికి కట్టుబడిన జబ్బులు” అనే మాటనే వదిలేసింది. ఆ తొమ్మిదిలో కూడా నరాల బలహీనత చైనా ఖాతాలోనే ఉంది.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. “నరాల బలహీనత” అన్న మాట మనకు కొత్తా? బస్టాండు గోడలమీద, రైల్వే గేటు పక్కన, పాత పేపర్ల చివరి పేజీల్లో చూస్తూనే పెరిగాం. ఆ ప్రకటనలు మగవాళ్ళకోసం. ఆడవాళ్ళ నరాల బలహీనతకు గోడమీద బోర్డు ఉండదు. అది ఆర్‌ఎంపీ గదిలో, ఒక బి-కాంప్లెక్స్ ఇంజక్షనులో, ఒక సెలైన్ బాటిల్‌లో ముగిసిపోతుంది. “నీరసంగా ఉంది, తెల్లబట్ట అవుతోంది, కాళ్ళు గుంజుతున్నాయి” అని మన దగ్గర ఎంతమంది చెప్పలేదు? తెల్లబట్ట గురించి చెప్పుకునే స్త్రీలలో ఇన్‌ఫెక్షన్ కంటే మనసు కష్టంతోనే ఎక్కువ సంబంధం ఉందని గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసిన పరిశోధనల్లో తేలింది. ఇన్‌ఫెక్షన్ ఉంటే మందు ఇవ్వవలసిందే. లేనప్పుడు మాత్రం ఆ మాట వెనక ఇంకో మాట ఉంది.

టెలిగ్రాఫ్ పోయింది, సెల్ వచ్చింది. 2016లో గుజరాత్‌లోని మెహసానా జిల్లా సూరజ్ గ్రామంలో పెళ్ళికాని ఆడపిల్లలు ఫోను వాడకూడదని పెద్దలు కట్టుబాటు పెట్టారు. 2019లో బనస్‌కాంఠా జిల్లాలోనూ ఒక కులపెద్దలు అదే చేశారు. చదువు పాడవుతుందన్నారు, బుద్ధి చెడుతుందన్నారు. మగపిల్లల బుద్ధికి ఏ ఢోకా లేదు కాబోలు! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్నవాళ్ళు 54 శాతమే. ఫోను దొరకడమే కష్టమైన చోట ఫోను పిచ్చి అనే నింద ముందుగా దొరుకుతోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. జబ్బు పేరును ప్రశ్నించడమంటే జబ్బు లేదనడం కాదు. ఫోను వాడకం చేయిదాటే మనుషులున్నారు. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగానే గుర్తించింది. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో దీనికి ప్రత్యేక క్లినిక్కే ఉంది. మా కేంద్రానికి వచ్చిన ఆ తల్లికి కూడా జబ్బు ఉంది. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అది. గిల్మన్‌కు వచ్చినదీ అలాంటిదేనని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. దానికి వైద్యం ఉంది, వైద్యం ఆమె హక్కు. “అంతా సమాజమే చేసింది” అని చెప్పి మందు ఇప్పించకపోతే మనమూ ఆమె మాట విననట్టే.

ఇంకా ఒక సంగతి, హక్కుల సంగతి. ఆ చీటీని భర్త ఎందుకు అంత భద్రంగా జేబులో పెట్టుకున్నాడు? హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మతి స్థిమితం లేకపోవడం విడాకులకు ఒక కారణం. ఇలాంటి చీటీలు రేపు కోర్టు కాగితాలవుతాయి. అందుకని మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి: జబ్బు పేరు రాసి ఉన్నంత మాత్రాన చాలదు, కలిసి బతకలేనంత తీవ్రంగా ఉందని రుజువు కావాలని 1988లో రామ్ నారాయణ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండు: 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, సమాజపు నీతికి, ఆచారానికి, కట్టుబాటుకు ఒక మనిషి లోబడకపోవడం మానసిక జబ్బుకు ఆధారం కాదు. మూడు: అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం, ఆస్పత్రిలో చేరిన తల్లినుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరుచేయకూడదు. పిచ్చిదని చెప్పి పిల్లను లాక్కునే అత్తింటివాళ్ళకు ఈ మాట చెప్పగలగాలి.

మనం చేయగలిగింది చెప్పి ముగిస్తాను. స్త్రీని తీసుకొచ్చినవాళ్ళు జబ్బు పేరు చెబితే, ఆ పేరు మొదట ఎవరు పెట్టారో అడగండి. ఆమెతో ఒంటరిగా మాట్లాడండి. ఆమె రోజు ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగుస్తుందో అడగండి. నిద్ర, తిండి, దెబ్బలు, అప్పు, కాన్పు – అన్నీ అడగండి. చికిత్స పేరుతో ఆమె దగ్గరనుంచి ఏం తీసుకున్నారో అడగండి. ఫోనా, చదువా, పుట్టింటి రాకపోకలా, పిల్లా? ఆరోగ్యం ఇవ్వవలసిన చికిత్స ఉన్నదాన్ని ఊడబెరికితే అది చికిత్స కాదు, శిక్ష. చావు మాట ఎత్తినా, బిడ్డకు ఏమైనా చేస్తానేమోనని భయపడినా ఒక్కరోజు ఆగకండి. జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి-మానస్‌లో తెలుగులో మాట్లాడతారు. ఆ ఫోను చేయడానికైనా ఆమె చేతిలో ఫోను ఉండాలి కదా!

ఆ బీడీల ఊరి తల్లిని మేం జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ మందు రాసింది. దాంతోపాటు, రాత్రిపూట బీడీ పని వద్దనీ, తల్లితో రోజూ మాట్లాడాలనీ చీటీమీదే రాయమని అడిగాం. రాసింది. అత్తకు కోపం వచ్చింది, భర్త గొణిగాడు. కానీ డాక్టరు చీటీ కదా, కాదనలేకపోయారు. రెండు నెలల తర్వాత ఆమె తన ఫోనునుంచే నాకు చేసింది. పూర్తిగా బాగైందని చెప్పలేను. బీడీ పని తగ్గలేదు. “నిద్ర పడుతున్నదక్కా” అంది.

ఇక మీ ఊళ్ళలో ఏ పేర్లు పెడుతున్నారో చెప్పండి. వింటాను.